భీవండి చిన్నమ్మ ఓటు

మా వాడలో బొంబాయి, భీవండి పోయేవాళ్లు ఇంటి తాళంచెవితో పాటు ఓటరు కార్డు కూడా ఇచ్చి పోయేవారు. ఎల్లారెడ్డి నుంచి నిజాంసాగర్ పోయే దారిలో బస్సు దిగి లోపలికి నడిస్తే వచ్చే నలభై ఇళ్ల శివారు వాడ మాది. ప్రాజెక్టు కాలువలు బాన్సువాడ వైపు, బీర్కూర్ వైపు పోతాయి గాని మా వైపు తిరిగి చూడవు. వానలు సరిగ్గా పడని ఏడాది సగం ఇళ్లకు తాళాలే. పోయేవాళ్లు బర్రెను ఒకరికి, ముసలివాళ్లను ఒకరికి అప్పజెప్పి, కార్డులు మాత్రం మా అవ్వ చేతిలో, అంటే మా అమ్మ చేతిలో పెట్టేవారు. "ఓట్లస్తే మాయి గూడ ఎయ్యుండ్రి పెద్దక్కా" అని చెప్పి బస్సెక్కేవారు. అవ్వ వాటిని ఒక బిస్కెట్ల డబ్బాలో దాచి, ఎన్నికలప్పుడు ఎవరి కార్డు వాళ్ల దగ్గరి చుట్టానికి ఇచ్చేది. చెల్లెలి ఓటు అక్క వేసేది, వదిన ఓటు ఆడబిడ్డ వేసేది. దాన్ని మోసమని మా వాడలో ఎవరూ అనుకోలేదు. కామారెడ్డిలో డిగ్రీ చదివి, ప్రైవేటు బడిలో పిల్లలకు రాజ్యాంగం గురించి పాఠాలు చెప్పే నేను కూడా అనుకోలేదు. పోయినవాళ్ల బర్రెకు గడ్డి వేసినట్టే వాళ్ల ఓటూ వేస్తాం, అంతే.

2013 వానాకాలంలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మా సర్పంచి సీటు ఆడవాళ్లకు పోయింది. మా అవ్వ వాళ్లు ముగ్గురు అక్కచెల్లెళ్లు. అవ్వ పెద్దది. నడిపి చిన్నమ్మ భర్తతో పాటు భీవండి మగ్గాల కార్ఖానాలో పనికి పోయి అప్పటికి మూడేళ్లు. అందరికంటే చిన్నదాన్ని నేను ఉత్త చిన్నమ్మ అనే పిలిచేవాణ్ని. ఆమె సర్పంచికి నిలబడింది. బీడీలు చుట్టి బతికే మనిషి, చదువు లేదు, మాట మాత్రం ముక్కుసూటి. మా వాడకు నీళ్ల ట్యాంకు రావాలంటే మా వాడ మనిషే కుర్చీలో కూర్చోవాలని ఆమె పట్టుదల. ఎదురు నిలబడింది ఊళ్లో రైసుమిల్లు ఆయన భార్య.

గుర్తులు పంచిననాడు చిన్నమ్మకు కత్తెర వచ్చింది. తునికాకు కత్తిరించే కత్తెరే ఆమె చేతిలో ఎప్పుడూ ఉండేది, ఇంటింటికీ దాన్నే పట్టుకొని తిరిగింది. వాడంతా సంబరపడిపోయింది. చిన్నమ్మ నన్ను పోలింగు ఏజెంటుగా కూర్చోబెట్టింది. "చదువుకున్నోనివి, నువ్వుంటె ఎవడు దొంగోటు ఎయ్యడు" అంది. ఆ మాటకు నేను కాస్త ఉబ్బిపోయిన మాట నిజం. ఇస్త్రీ చొక్కా వేసుకొని, జేబుకు రెండు పెన్నులు తగిలించుకొని పొద్దున్నే పోలింగు జరిగే ఊరి బడికి పోయి కూర్చున్నాను.

పక్కన అవతలి పక్షం ఏజెంటు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద, వరుసకు అన్న. ఓటరు లోపలికి రాగానే అధికారి పేరు, నంబరు చదువుతాడు, మేము జాబితాలో గీత పెట్టుకుంటాం. అనుమానం ఉంటే ఈ మనిషి ఆ మనిషి కాదని అడ్డం చెప్పాలి. మా పని అదొక్కటే. మొదటి గంటలోనే అవ్వ వచ్చి తన ఓటు వేసి పోయింది. ఎనిమిదిన్నర దాటాక మళ్లీ వచ్చింది. కొంగు నుదుటి దాకా లాక్కుంది, ఎడమచేతి చూపుడు వేలికి గుడ్డ పేలిక చుట్టుకుంది. అధికారి నడిపి చిన్నమ్మ పేరు చదివాడు. వేలికి ఏమైందని అడిగితే "కత్తెర తెగింది సారూ, బీడీలు చేస్త" అంది. బీడీలు చుట్టేవాళ్ల వేళ్లు తంబాకుతో నల్లగానే ఉంటాయి, ఆయన పక్క వేలికి సిరా చుక్క పెట్టి కాగితం ఇచ్చాడు. అవ్వ నా ముందు నుంచే పోయింది. నన్ను చూడలేదు. నేను జాబితాలోకి తల దించుకున్నాను.

పక్కనున్న అన్న నా వైపు వంగి మెల్లగా అన్నాడు. "పెద్దమ్మ మళ్లచ్చింది గదా తమ్మీ."

నేను జాబితా పేజీ తిప్పాను.

"కానీయ్" అన్నాడు నవ్వుతూ. "మనం మనం. మీయి ఒకటి రెండు పోనీయ్, మాయి ఒకటి రెండు పోనీయ్."

తొమ్మిదిన్నర నుంచి వాళ్లవి రావడం మొదలైంది. ఒకటి రెండు కాదు. దుబాయిలో ఉన్నవాడి పేరు మీద ఒకడు వచ్చాడు. పోయిన ఎండాకాలం చనిపోయిన ముసలాయన పేరు మీద ఇంకొకడు వచ్చాడు. ముఖాలు కూడా తెలియని మనుషులు మిల్లు ట్రాక్టరు దిగి వరుసలో నిలబడ్డారు. నేను నోరు తెరిచిన ప్రతిసారీ అన్న, మా అవ్వ పేరు కాగితం మీద రాసి, దాని పక్కన పెన్నుతో రెండు చుక్కలు పెట్టి నాకు చూపించేవాడు. ఇరవై దాకా లెక్కపెట్టాను. తర్వాత మానేశాను. ఒంటిగంటకు పోలింగు ముగిశాక ప్రిసైడింగ్ ఆఫీసరు అభ్యంతరాలేమైనా ఉన్నాయా అని అడిగి, లేవని రాసిన కాగితం ముందు పెట్టాడు. ఎట్లాగూ చిన్నమ్మే గెలుస్తుందని నాకు నేను చెప్పుకొని, ఇంగ్లీషులో నిండుగా సంతకం చేశాను.

రెండు గంటలకు లెక్కింపు. చిన్నమ్మ తొమ్మిది ఓట్లతో ఓడిపోయింది. మళ్లీ లెక్కపెట్టమంటే లెక్కపెట్టారు, అదే తొమ్మిది. మిల్లు వాళ్లు బడి గేటు ముందే పటాకులు కాల్చారు. చిన్నమ్మ ఏడవలేదు. ఇంటికొచ్చి చాటలో తునికాకు ముందర పెట్టుకొని కూర్చుంది గాని ఒక్క బీడీ చుట్టలేదు.

"నేను ఓడిపోలే" అంది చివరికి. "నన్ను ఓడగొట్టిండ్రు. కుర్చీ లేకపోతె పాయె. గని గామె గెలిచిందని కాయితం మీద ఎట్ల రాస్తరు? నేను ఓడిపోలేదని గూడ కాయితం మీదనే రావాలె."

ఆమెకు కావలసింది అదొక్కటే. ఇది చదివేవాళ్లు ఆ మాట మరిచిపోకూడదు, ఎందుకంటే తర్వాత మేమందరం మరిచిపోయాం.

కామారెడ్డిలో ఒక వకీలు దగ్గరికి పోయాం. నెమ్మదైన మనిషి. సర్పంచి ఎన్నిక మీద ఫిర్యాదును ట్రైబ్యునల్ వింటుందంటే హైదరాబాదులో ఏదో పెద్ద భవనం అనుకున్నాను. తీరా అది మా ఎల్లారెడ్డి మున్సిఫ్ కోర్టే. భూమి గెట్ల, హద్దుల తగాదాలు విన్న బల్ల మీదే ఇదీ వింటారు. ముప్పై రోజుల్లో పిటిషను వెయ్యాలన్నాడు వకీలు. చిన్నమ్మ ఊరంతా దొంగ ఓట్లేనని చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అట్ల చెప్తె కోర్టు వినదమ్మా. మస్తు మోసం జరిగింది అంటె మాట మాత్రమే అయితది. ఏ నంబరు ఓటు, ఎవలి పేరు మీద, ఆ మనిషి ఆ దినం యాడున్నడు, గది చెప్పాలె. ఒక్కొక్క ఓటుకు ఒక్కొక్క సాక్ష్యం. తొమ్మిది దాటాలె."

నేను రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నాను. ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఊళ్లో లేరో రాసుకోవడం మొదలుపెట్టాను. రాస్తుంటే తలుపులు మూసుకున్నాయి. చనిపోయిన ముసలాయన కొడుకు నన్ను గడప దాటనివ్వలేదు. ఆయన పోయినట్టు వాళ్లు ఎక్కడా రాయించలేదు, రేషను కార్డులో ఇంకా బతికే ఉన్నాడు. బాపు చనిపోయాడని కోర్టులో చెప్తే మరి ఇన్నాళ్లూ బియ్యం ఎవరు తిన్నారని అడుగుతారు. పుణెలో ఇటుకబట్టీకి పోయిన కుటుంబం ఫోనులో "మాకెందుకు తమ్మీ" అంది. బట్టీ వాడు వాళ్లకు చీటీ ఇస్తాడా, హాజరు రాస్తాడా? ఫలానా రోజు అక్కడ ఉన్నామని చూపించడానికి వాళ్ల దగ్గర అరిచేతుల్లో బొబ్బలు తప్ప ఏమీ లేవు. మా జనం ఊళ్లో లేరన్నది ఊరందరికీ తెలుసు. దాన్ని రుజువు చేసే కాగితం మాత్రం ఒక్కరి దగ్గరా లేదు.

ఒక్కడు దొరికాడు. దుబాయి అతను. దీపావళి తర్వాత సెలవు మీద వచ్చి పాస్‌పోర్టు పట్టుకొని కోర్టుకొచ్చాడు. ఆ రోజు అతను దేశంలోనే లేడని ముద్రలు చెప్పాయి. జడ్జిగారు చిన్న వయసు ఆవిడ, ఆ పేజీలను ఒక్కొక్కటీ తిప్పి చూశారు. అవతలి వకీలు లేచి, "ఒక ఓటు ఒప్పుకుంటాం, తేడా తొమ్మిది" అని కూర్చున్నాడు. ఈ మధ్యలో వాయిదాల మీద వాయిదాలు. ప్రత్యేక రాష్ట్రం కోసం వకీళ్లు కోర్టులు బహిష్కరించిన రోజులవి. మేమూ తెలంగాణ కావాలన్న వాళ్లమే, కాబట్టి కోపం ఎవరి మీద చూపించాలో తెలిసేది కాదు. కోర్టు వరండాలో కూర్చొని, తెచ్చుకున్న జొన్నరొట్టె తిని, అటెండరు మా నంబరు పిలిచాక తర్వాతి తారీఖు విని బస్సెక్కేవాళ్లం.

చలికాలంలో నా వంతు వచ్చింది. ప్రమాణం చేయించారు. ఇరవై మందికి పైగా దొంగ ఓట్లు వేయడం కళ్లారా చూశానని చెప్పాను. అవతలి వకీలు పెద్దాయన, గొంతు పెంచే అలవాటు లేదు.

"ఒక్కర్నైనా ఆపావా బాబూ?"

"లేదు సార్."

నా సంతకం ఉన్న కాగితం చూపించాడు. "ఇది నీదేనా?"

"నాదే."

జడ్జిగారు తలెత్తి నన్ను చూశారు. "మీరు చదువుకున్నారు. అడ్డం చెప్పే హక్కు ఉందని మీకు తెలుసు. అప్పుడే ఎందుకు చెప్పలేదు?" నన్ను ఇరికించాలని కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. ఊళ్లో వాళ్లని మొఖం మీద ఎట్ల అంటాం మేడమ్ అని ఏదో గొణిగాను.

"ఆఖరి ప్రశ్న" అన్నాడు వకీలు. "ఆ రోజు మీ అమ్మగారు ఎన్నిసార్లు ఓటేశారు?"

వెనక బెంచీలో చిన్నమ్మ కూర్చొని ఉంది. గోడకు కొట్టిన గడియారం నాకు ఇప్పటికీ గుర్తుంది గాని టైమెంతయిందో గుర్తు లేదు.

"ఒక్కసారే" అన్నాను.

ఆయన రెట్టించలేదు. టైపు చేసే ఆమె నా జవాబును కొట్టింది, కింద నా చేత సంతకం చేయించారు. ఈసారి నిండుగా రాలేదు.

ఓటేసిన ప్రతివాళ్ల సంతకమో వేలిముద్రో ఓటు కాగితం తెంపగా మిగిలిన ముక్క మీద ఉంటుంది. ఆ ముక్కలన్నీ సీలేసిన సంచిలో ఉంటాయి. దాన్ని తెప్పించి, ముద్రలు నిపుణులకు పంపాలని మేము మొదటి నుంచీ అడుగుతున్నాం. ఉత్త అనుమానం మీద ఆ సంచి విప్పడం కుదరదేమోనని జడ్జిగారు ఆలోచిస్తూ వస్తున్నారు. నా సాక్ష్యం అయిన తర్వాతి వాయిదాకు అవతలి వాళ్లే ఒక దరఖాస్తు వేశారు. సంచి తెరవండి, మాకూ అభ్యంతరం లేదు, మొదట ఈ ఒక్క నంబరు చూడండి అని.

మా వకీలు మమ్మల్ని కామారెడ్డికి పిలిపించి ఆ నంబరు మీద వేలు పెట్టాడు. "ఈమె ఎవలు?"

"మా నడిపక్క" అంది చిన్నమ్మ. "భీవండిల ఉంటది."

"ఎన్నికల దినం?"

"భీవండిలనే ఉండె."

"మరి గిది మనకే లాభం గదా. ఇంకో దొంగ ఓటు దొరికినట్టే. వాళ్లెందుకు చూపిస్తున్నరు?"

చిన్నమ్మకు అర్థం కాలేదు. నా వైపు తిరిగింది. తల కొట్టేసినట్టయింది నాకు. "అవ్వ ఏసింది" అన్నాను. "నా ముందటనే ఏసింది. గది చూసే వాళ్లు నా నోరు మూయించిండ్రు."

వకీలు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. సంచి తెరిస్తే మొదట బయటపడేది మా అవ్వ వేలిముద్ర. ఇంకొకరి పేరు మీద ఓటేసినందుకు ఆమె మీద కేసు, ప్రమాణం చేసి అబద్ధం చెప్పినందుకు నా మీద కేసు. వాళ్ల ఇరవై ఓట్లూ ఆ తర్వాత బయటపడొచ్చు, పడకపోవచ్చు. "ఏం చేద్దామో మీరే సోంచాయించుండ్రి" అన్నాడు. లింగంపేట దాటి ఎల్లారెడ్డి వచ్చే దాకా బస్సులో చిన్నమ్మ కిటికీ వైపే మొఖం పెట్టి కూర్చుంది. తిడితే బాగుండుననిపించింది.

నేరుగా మా ఇంటికొచ్చి గడప మీద కూర్చుంది. అవ్వ లోపల నుంచి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"అక్కా, నడిపక్క ఓటు ఎయ్యిమని నేను అన్ననా?"

"నువ్వనాల్నా? నా చెల్లె ఓటు, నా చెల్లెకే ఏసిన. దొంగతనం చేసిననా ఏంది?" అవ్వ గొంతులో భయం లేదు, నిజంగానే ఆశ్చర్యం. "ఎప్పుడెయ్యలేదు? మూడుసార్ల నుంచి నేనే ఏస్తున్న."

చిన్నమ్మ నీళ్లు తాగకుండానే చెంబు కింద పెట్టింది. "నీ తప్పేం లేదు" అంది. "గని ఇగ నేను ఓడిపోయినట్టే." అప్పుడు ఏడ్చింది. ఓడిపోయిన రోజు ఏడవనిది అవ్వ ముందు, నా ముందు కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. అవ్వ ఆమె వీపు మీద చెయ్యి వేస్తే తోసేసింది.

తర్వాతి వాయిదాకు మా వకీలు లేచి, సంచి తెరవాలని పట్టుబట్టడం లేదని చెప్పాడు. ఆ మాట పూర్తికాక ముందే అవతలి వకీలు లేచి తమ దరఖాస్తు కూడా వెనక్కి తీసుకుంటున్నామన్నాడు. జడ్జిగారు ఇటు చూశారు, అటు చూశారు. ఏదో అర్థమైనట్టే ఉంది. కానీ రెండు పక్షాలూ వద్దన్న సంచిని కోర్టు మాత్రం ఎందుకు తెరుస్తుంది? రాసుకొని, తీర్పు తారీఖు వేశారు.

తీర్పు కాగితాలు తెచ్చుకొని ఎల్లారెడ్డి బస్టాండు బెంచీ మీద చిన్నమ్మకు చదివి వినిపించాను. పెద్దఎత్తున దొంగ ఓట్లు పడ్డాయన్న ఆరోపణకు తగిన ఆధారం లేదు. ఒక ఓటు తప్పుగా పడినట్టు రుజువైంది, అది ఫలితాన్ని మార్చదు. పిటిషనరు ఏజెంటు చదువుకున్నవాడై ఉండి, రోజంతా అక్కడే ఉండి, అభ్యంతరం లేదని సంతకం చేశాడు. ఆ ఒక్క వాక్యం దాటేద్దామనుకున్నాను. ఆగిపోయింది చూసి, "చదువు" అంది. చదివాను. అప్పట్లో కోర్టును నోటికొచ్చినట్టు తిట్టాను. ఇప్పుడు తిట్టలేను. ఆ తీర్పులో ఒక్క అబద్ధమూ లేదు. ఉన్న అబద్ధమల్లా నేను చెప్పిందే. మోసం జరగలేదని కోర్టు ఎక్కడా అనలేదు, రుజువు కాలేదని మాత్రమే అంది. మిల్లు వాళ్లకు ఆ తేడాతో పని లేదు. కోర్టే తేల్చిందని ఊళ్లో మళ్లీ పటాకులు కాల్చారు.

హోళీ పోయాక చిన్నమ్మ తనూ భీవండి బయల్దేరింది. తాళంచెవి అవ్వకిచ్చింది. అవ్వ అలవాటు కొద్దీ బిస్కెట్ల డబ్బా మూత తీసి పట్టుకుంది.

"కార్డు నా తాననే ఉండనీ" అంది చిన్నమ్మ, కొంగున కట్టుకున్న ముడి తడుముకుంటూ.

ఆ ఎండాకాలమే అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలు. రాష్ట్రం వస్తోందని ఊళ్లన్నీ పండగలా ఉన్నాయి. ఎన్నికల ముందు ఇంటింటికీ ఓటరు చీటీలు పంచారు. తాళాలు పడ్డ ఇళ్ల చీటీలు ఎప్పటిలాగే మా అవ్వ చేతిలో పెట్టి పోయారు. చిన్నమ్మ వస్తుందని ఎవరూ అనుకోలేదు. పోలింగు రోజు పది గంటల ప్రాంతంలో భీవండి బస్సు దిగి, కామారెడ్డి నుంచి ఇంకో బస్సు పట్టుకొని, సంచి కూడా ఇంట్లో పెట్టకుండా వచ్చి వరుసలో నిలబడింది. నేను ఆమె వెనకే ఉన్నాను. ఈసారి నేను ఎవరి ఏజెంటునూ కాదు.

కార్డు ఇచ్చింది. అధికారి జాబితా చూసి, మళ్లీ చూసి, "మీ ఓటు పడిపోయిందమ్మా" అన్నాడు.

"నేను గిప్పుడే అస్తున్న సారూ."

పొద్దున్నే ఎవరో చీటీ చూపించి వేసి పోయారు. ఆయన మంచివాడు, గొడవ చెయ్యలేదు. నిబంధనల పుస్తకం తిరగేసి, మిషను మీద కాకుండా విడిగా ఒక కాగితం ఇస్తామన్నాడు. చిన్నమ్మ దాన్ని తిప్పి చూసింది.

"గిది లెక్కలకు అస్తదా?"

"రాదమ్మా. కవర్ల పెట్టి సీలేస్తం. రేపు ఎవలన్న కోర్టుకు పోతె గప్పుడు అక్కరకస్తది."

చిన్నమ్మ ఆ కాగితం మీద ముద్ర వేసి, మడిచి, తన చేత్తోనే కవరులో పెట్టింది. బయట చింతచెట్టు నీడలో అవ్వ నిలబడి ఉంది. సంగతి అప్పటికే ఆమెకు చేరింది.

"నేనెయ్యలే" అంది అవ్వ, చిన్నమ్మ అడగకముందే. "నీ చీటీ డబ్బాలనే ఉన్నది. నా కొడుకు మీద ఒట్టు."

చిన్నమ్మ అవ్వను చూడలేదు. నన్ను చూసింది. నేను ఒట్టు పెట్టి చెప్పిన మాట ఎట్లాంటిదో వెనక బెంచీలో కూర్చొని విన్న మనిషి ఆమె. సంచి భుజానికి వేసుకొని, ఇంటి తాళం కూడా తియ్యకుండా, మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయింది. అవ్వ ఇంటికి రమ్మని రోడ్డు దాకా వెంట నడిచింది.

ఆ డబ్బా మా ఇంట్లో గూట్లో ఇప్పటికీ ఉంది. చిన్నమ్మ చీటీ అందులో ఉందో లేదో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. నేను మూత తియ్యలేదు.